పండగ పిప్పరమెంట్లతో పిల్లల ఆటలు

క్రిస్మస్ మొదలుకొని సంక్రాంతి దాకా మన పల్నాటి ఇళ్ళల్లో మిఠాయి డబ్బా ఖాళీగా ఉండదు. పక్కింటివాళ్ళు కేకుతో పాటు పంపిన చాక్లెట్లు, జనవరి ఒకటిన వచ్చినవాళ్ళు పిల్లల చేతిలో పెట్టినవి, భోగి సాయంత్రం చంటిదాని తలమీద రేగుపండ్లతో కలిపి పోసినవి, చిల్లర లేదంటూ కిరాణా కొట్టువాళ్ళు రూపాయికి బదులిచ్చిన పిప్పరమెంట్లు అన్నీ అందులోకే చేరతాయి. సెలవులకు హైదరాబాదు నుంచి, బెంగుళూరు నుంచి దిగిన పిల్లలను రెండు పూటలు ఆడించడానికి ఆ డబ్బా చాలు. బెలూన్లు, హాలు, తిరిగి ఇచ్చే బహుమతులు అని మొదలుపెడితే వేలల్లో తేలుతుంది. కింద చెప్పిన ఆటల్లో సగం మన నాయనమ్మలు చింతపిక్కలతో, పెంకులతో ఆడినవే. వాటికి మిఠాయి తోడైతే ఫోన్ వదలని పిల్లలు కూడా వచ్చి చాపమీద కూర్చుంటారు. ఒక్క విషయంలో మాత్రం నాకు పట్టుదల ఉంది. ఆట అయ్యాక ఏ పిల్లా, ఏ పిల్లవాడూ వట్టిచేతులతో లేవకూడదు. ఈ చిట్కాలన్నీ ఆ లెక్క మీదే నడుస్తాయి.

1. ముందు డబ్బా మొత్తం కుమ్మరించి మూడు కుప్పలు చేయండి. మామిడి, నారింజ, కాఫీ రుచుల గట్టి బిళ్ళలు ఒకవైపు. పాల చాక్లెట్లు, ఎక్లెయిర్లు, నిమ్మతొనల్లాంటి మెత్తవి ఇంకోవైపు. పంచదార చిలకలు, జీళ్ళు, నువ్వుల ఉండలు, అంటే పైన కాగితం లేనివి, మూడోవైపు. చేతులు మారే ఆటలకు గట్టివే వాడాలి, అవి నలగవు. మెత్తవి చివర్లో పంచడానికి, కాగితం లేనివి వాసన పట్టే ఆటకు ఉంచండి. పొట్లాల మీద గడువు తేదీ చూడటం మరిచిపోవద్దు. భోగిపళ్ళప్పుడు నేలమీద దొర్లినవాటిని కాగితం చిరగకుండా ఉంటే తడిగుడ్డతో తుడిచి వాడుకోవచ్చు. చిరిగిందంటే చెత్తబుట్టకే. సర్దిన డబ్బాను నీళ్ళు పోసిన పళ్ళెంలో నిలబెడితే చీమల బెడద ఉండదు.

2. పదిమంది పిల్లలకు అరవై బిళ్ళలు సరిపోతాయి. అర్ధరూపాయి బిళ్ళల కాలం పోయింది, ఇప్పుడు చిన్న బిళ్ళ రూపాయి. డబ్బా పూర్తిగా ఖాళీ అయినా మొత్తం ఖర్చు అరవై రూపాయలే. కొనేటప్పుడు నాలుగు వేర్వేరు రంగుల కాగితాలవి అడిగి తెచ్చుకోండి. అవి ఎందుకో కింద చెబుతాను.

3. ఆట మొదలుపెట్టక ముందే పిల్లలందరినీ కూర్చోబెట్టి చాపకూడు కథ చెప్పండి. పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధంలో మాచర్ల పక్షాన నిలిచిన బ్రహ్మనాయుడు కులం చూడకుండా అందరినీ ఒకే చాపమీద కూర్చోబెట్టి భోజనం పెట్టించాడని మన పల్నాటి కథ. దళితుడైన కన్నమదాసును కొడుకుగా చేరదీసి సేనలో ముందు నిలబెట్టాడు. కారంపూడిలో కార్తీకమాసంలో జరిగే వీరుల ఉత్సవాల్లో మందపోరు నాడు ఇప్పటికీ చాపకూడు పెడతారు. మన ఆటకూ అదే పద్ధతి. గెలిచిన బిళ్ళలను జేబులో వేసుకోకూడదు, ఎవరి గిన్నెలో వాళ్ళు పెట్టుకోవాలి. ఆఖరి ఆట అయ్యాక గిన్నెలన్నీ మళ్ళీ చాపమీద కుమ్మరించి సమానంగా పంచాలి. గెలిచినవాళ్ళకు పిప్పరమెంట్లు ఎక్కువ రావు. తమకు నచ్చిన రంగు ముందుగా ఎంచుకునే హక్కు వస్తుంది. ఆ హక్కు కోసం పిల్లలు ఎంత పట్టుదలగా ఆడతారో చూస్తే మీకే ఆశ్చర్యం కలుగుతుంది. ఈ నియమాన్ని మధ్యలో చెబితే ఏడుపులు వస్తాయి. మొదట్లోనే చెప్పాలి.

4. ఐదేళ్ళలోపు పిల్లల చేతికి గట్టి బిళ్ళలు, పల్లీలు ఇవ్వకండి. గుండ్రటి బిళ్ళ జారి గొంతులో అడ్డం పడితే ఊపిరి ఆడదు. భోగిపళ్ళు పోసిన వెంటనే ఆ బిడ్డ ఒళ్ళో పడిన చిల్లర నాణేలు, రేగుపండ్లు, బిళ్ళలు పెద్దవాళ్ళు ఏరేయాలి. ఫొటోల హడావిడిలో ఈ పని వెనకబడుతుంది. అందుకని ముందే ఒకరికి అప్పజెప్పండి. చిన్నవాళ్ళకు ఆటలో బిళ్ళ బదులు అరటిపండు ముక్కో, గుప్పెడు మరమరాలో పెట్టండి. నోట్లో మిఠాయి ఉండగా ఎవరూ పరుగెత్తకూడదు, గంతులు వేయకూడదు. తినడం ఆట తర్వాతే. ఒకవేళ ఏడాది దాటిన పిల్లలకు గొంతులో అడ్డం పడి దగ్గు కూడా రాకపోతే, ముందుకు వంచి రెండు భుజాల ఎముకల మధ్య అరచేతి మడమతో ఐదుసార్లు గట్టిగా తట్టండి. అప్పటికీ రాకపోతే వెనకనుంచి పట్టుకుని, ఒక పిడికిలిని బొడ్డుకు కాస్త పైన పెట్టి, రెండో చేత్తో దాన్ని పట్టి, ఐదుసార్లు లోపలికీ పైకీ ఒక్క ఊపున నొక్కండి. అది బయటపడేదాకా ఈ రెండూ మార్చి మార్చి చేస్తూ ఉండండి. ఈలోగా ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. కనపడని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి కెలకవద్దు, ఇంకా లోపలికి పోతుంది.

5. సరి-బేసి. దీనికి ఇద్దరు, ఒక గుప్పెడు బిళ్ళలు ఉంటే చాలు. ఒకరు కొన్ని బిళ్ళలు గుప్పిట్లో మూసి "సరా, బేసా?" అని అడగాలి. రెండోవాళ్ళు సరిగ్గా చెబితే ఒక బిళ్ళ వాళ్ళకు, తప్పితే వాళ్ళ దగ్గరనుంచి ఒకటి అడిగినవాళ్ళకు. ఒకటో తరగతి పిల్లలకు సరిసంఖ్యలు, బేసిసంఖ్యలు ఇంతకన్నా తేలిగ్గా నేర్పే దారి లేదు. మిగతా పిల్లలు వచ్చేదాకా ముందొచ్చినవాళ్ళు విసుక్కోకుండా ఈ ఆటతో కూర్చుంటారు.

6. వామనగుంటలు. చెక్కపీట లేకపోయినా ఫరవాలేదు. ముప్పై గుడ్ల అట్టలోంచి పొడుగువైపు రెండు వరసలు కత్తిరిస్తే వరసకు ఆరు గుంటలు వస్తాయి. ఏడో గుంటగా రెండు పక్కలా ఒక్కో టీ కప్పు పెట్టండి. పాత పద్ధతిలో చింతపిక్కలు ఎక్కువ పోస్తారు గానీ, బిళ్ళలు పెద్దవి కాబట్టి గుంటకు 3 చొప్పున మొత్తం 42 చాలు. ఆడేవాళ్ళు తమ వైపు ఒక గుంటలోవి తీసి పక్క గుంటల్లో ఒక్కొక్కటి వేసుకుంటూ పోవాలి. చేతిలోవి అయిపోతే తర్వాతి గుంటలోవి తీసి మళ్ళీ కొనసాగించాలి. ఆ తర్వాతి గుంట ఖాళీగా ఉందంటే, దాని పక్క గుంటలో ఎన్ని ఉంటే అన్నీ వాళ్ళవి, అక్కడితో వాళ్ళ వంతు పూర్తి. అదీ ఖాళీ అయితే ఏమీ రాదు. ఈ ఆటకు నాయనమ్మనో అమ్మమ్మనో ఒకవైపు కూర్చోబెట్టండి. ఏ గుంట తీస్తే ఎక్కడ ఆగుతుందో వాళ్ళు కళ్ళతోనే లెక్కపెడతారు. "నాయనమ్మా, నీకెట్లా తెలిసింది?" అని పిల్లలు అడిగినప్పుడు వాళ్ళ ముఖం చూడాలి. షుగర్ ఉన్న పెద్దవాళ్ళకు కూడా ఈ ఆటలో చోటుంది, గెలవడానికి తినక్కర్లేదు కదా.

7. అష్టాచెమ్మా. నాలుగు రంగుల కాగితాలు అడిగింది దీనికోసమే. నేలమీద సుద్దముక్కతో ఐదు అడ్డం, ఐదు నిలువు కలిపి 25 గళ్ళు గీయండి. నలుగురు ఆటగాళ్ళకు తలా నాలుగు బిళ్ళలు, ఒక్కొక్కరిది ఒక్కో రంగు. నాలుగు గవ్వలు వేసి ఆడాలి. గవ్వలు దొరక్కపోతే చింతపిక్కలను ఒకవైపు అరగదీస్తే అదే పని చేస్తాయి. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, అంటే 4. నాలుగూ బోర్లా పడితే అష్ట, అంటే 8. ఎదుటివాళ్ళ కాయను ఒక్కసారైనా చంపితేనే లోపలి గళ్ళలోకి వెళ్ళాలి అనే నియమం మా వీధిలో ఉంది, మీ ఇంట్లో ఎట్లా ఆడతారో అట్లాగే ఆడండి. చచ్చిన కాయను తినేస్తామని పిల్లలు గొడవ చేస్తారు. ఒప్పుకోకండి, అది మళ్ళీ ఇంటిగడిలోకి రావాలి.

8. బొంగరం. పల్నాటివాళ్ళకు బొంగరమంటే బాలచంద్రుడు గుర్తుకు వస్తాడు. శ్రీనాథుడి పేరుమీద ఉన్న పల్నాటి వీరచరిత్రలో బాలచంద్రుడు ఆడే బొంగరం తగిలి అన్నమ్మ అనే ఆమె కాలికి గాయమవుతుంది. ఆమె దెప్పిపొడిచిన మాటతోనే అతను యుద్ధానికి బయలుదేరతాడు. ఈ కథ చెప్పి పెరట్లో గట్టినేలమీద రెండు జానల వెడల్పున గుండ్రంగా గీత గీయండి. మధ్యలో పది గట్టి బిళ్ళలు పెట్టండి. తాడు చుట్టి బొంగరాన్ని గీత లోపల తిరిగేలా వేయాలి. అది తిరుగుతూ ఎన్ని బిళ్ళలను గీత బయటికి నెడితే అన్ని వేసినవాళ్ళ గిన్నెలోకి. చూసేవాళ్ళు ఐదు అడుగుల దూరంలో నిలబడాలని ఇంకో గీత గీయండి. ఎందుకో పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు, అన్నమ్మ కథ విన్నారు కాబట్టి. ఎనిమిదేళ్ళు దాటినవాళ్ళకే ఈ ఆట.

9. తొక్కుడుబిళ్ళలో ప్రతి గడిలో ఒక పిప్పరమెంటు పెట్టండి. ఒంటికాలితో గెంతుతూ, రెండో కాలు నేలకు ఆనకుండా వంగి దాన్ని తీయాలి. అంతే ఆట.

10. చుక్కల ముగ్గు. నాలుగైదేళ్ళ పిల్లలు పెద్దల ఆటల్లో నిలవలేరు. వాళ్ళ కోసం ఇది. సంక్రాంతి ముగ్గు వేసేటప్పుడు మనం "ఏడు చుక్కలు, సరిచుక్క, ఒకటి వచ్చేవరకు" అంటాం కదా. చుక్కల బదులు బిళ్ళలు పెట్టించండి. మధ్య వరసలో 7, ఆ పైనా కిందా 5, తర్వాత 3, తర్వాత 1. మొత్తం 25 బిళ్ళలు. మధ్య వరస మీరు పెట్టి మిగతావి పిల్లలతో పెట్టించండి. పూర్తయ్యాక లెక్కపెట్టి 25 ఉన్నాయో లేదో చూసుకోమనండి. తక్కువైతే ఎవరి నోట్లోకి పోయిందో తెలుస్తుంది. గట్టి బిళ్ళలు కాబట్టి ఒక పెద్దమనిషి పక్కనే కూర్చోవాలి, ఐదేళ్ళలోపువాళ్ళ ముగ్గుకు మాత్రం బిళ్ళల బదులు బంతిపూలే వాడాలి.

11. కాగితపు ఉట్టి. కృష్ణాష్టమికి కట్టే కుండ పగిలితే పెంకులు గుచ్చుకుంటాయి. ఇంట్లో ఆడుకోవడానికి గోధుమరంగు కాగితపు సంచి తీసుకుని అందులో ముప్పై బిళ్ళలు, గుప్పెడు బంతిరేకులు పోసి మూతి కట్టండి. వేపకొమ్మకో, వసారా దూలానికో తాడు వేసి రెండో కొస బాబాయో, మేనమామో పట్టుకోవాలి. కొట్టేవాళ్ళ కళ్ళకు గంతలు, చేతిలో గట్టిగా చుట్టిన పాత పేపరు. కర్ర వద్దు, కళ్ళకు గంతలున్నప్పుడు దెబ్బ ఎటు పోతుందో చెప్పలేం. కొట్టబోయేసరికి తాడు లాగి ఉట్టిని పైకి లేపడం, మళ్ళీ దించడం, అందులోనే ఉంది సరదా అంతా. తలా మూడు దెబ్బలు. మెక్సికోలో పిల్లల పుట్టినరోజులకు పిన్యాటా అని ఇలాంటిదే కడతారు, రంగుకాగితాలతో చేసిన బొమ్మలో మిఠాయి నింపి కర్రతో కొడతారు. మన ఉట్టి పిల్లలకు కొత్తేమీ కాకపోయినా, సముద్రాల అవతల కూడా పిల్లలు ఇదే ఆడతారని వింటే సంబరపడతారు.

సంచి చిరిగిన క్షణం గురించి ఇక్కడే చెప్పాలి. అందరూ ఒక్కసారిగా కిందపడి ఏరుకుంటే పెద్దవాళ్ళకే అన్నీ దొరుకుతాయి, చిన్నవాళ్ళ వేళ్ళు నలుగుతాయి. ఉట్టి చిరగగానే అందరూ ఎక్కడివాళ్ళు అక్కడే కూర్చోవాలని ముందే ఒప్పందం చేసుకోండి. తర్వాత అందరికన్నా చిన్నవాళ్ళతో మొదలుపెట్టి వయసు వరసన ఒక్కొక్కరు లేచి రెండేసి ఏరుకోవాలి. కూర్చోకుండా పరుగెత్తినవాళ్ళది ఆఖరి వంతు.

12. కళ్ళకు గంతలు కట్టి వాసన పట్టించడం. చిన్న గిన్నెల్లో బెల్లం ముక్క, యాలకులు చేర్చిన జీడి, నువ్వుల ఉండ, నిమ్మతొన, కాఫీ బిళ్ళ, అరిసె ముక్క పెట్టండి. ముక్కు దగ్గర పెట్టుకుని పేరు చెప్పాలి. చెప్పలేకపోతే చిటికెడు రుచి చూడొచ్చు. నగరంలో పెరిగిన పిల్లలు కాఫీ బిళ్ళను క్షణంలో చెబుతారు, నువ్వుల ఉండ దగ్గర ఆగిపోతారు. పల్లీలు, పాలు పడని పిల్లలు ఉన్నారేమో వాళ్ళ అమ్మలను అడిగాకే ఈ ఆట మొదలుపెట్టండి.

13. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది పొట్లం ఆట. ఒక మంచి చాక్లెట్‌ను పాత పేపరులో చుట్టండి. దానిపైన ఒక చీటీ, ఒక బిళ్ళ పెట్టి ఇంకో పేపరు చుట్టండి. ఇలా పది పొరలు. పిల్లలు గుండ్రంగా కూర్చుంటే పొట్లం చేతులు మారుతుంది. తాతయ్య చప్పట్లు ఆపగానే ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు ఒక పొర విప్పి చీటీ చదవాలి. జవాబు చెబితే బిళ్ళ వాళ్ళది. తెలియకపోతే పక్కవాళ్ళు సాయం చేయొచ్చు, అప్పుడు ఆ బిళ్ళ సాయం చేసినవాళ్ళకు. చీటీల్లో మన ప్రాంతం గురించి అడగండి. పల్నాడు జిల్లా ఎప్పుడు ఏర్పడింది? 2022 ఏప్రిల్ 4న. జిల్లా కేంద్రం ఏది? నరసరావుపేట. వినుకొండలో 1895లో పుట్టిన మహాకవి ఎవరు? గుర్రం జాషువా. పుల్లరి కట్టబోమని అడవి పన్నుమీద తిరగబడి 1922లో ప్రాణాలిచ్చిన మించాలపాడు వీరుడు? కన్నెగంటి హనుమంతు. మాచర్ల దగ్గర ఎత్తిపోతల జలపాతం ఏ వాగు మీద ఉంది? చంద్రవంక. నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేసిన సంవత్సరం? 1955. కారంపూడి పక్కన పారే ఏరు? నాగులేరు. శివరాత్రికి ప్రభలు కదిలే కొండ? కోటప్పకొండ.

మిగతా రెండు చీటీలు మీ ఇంటివి రాయండి. ముత్తాత పేరేమిటి, అమ్మమ్మ పుట్టిన ఊరేది వంటివి. పిల్లలు జవాబు కోసం పెద్దవాళ్ళ దగ్గరకు పరుగెత్తుతారు, అక్కడ మొదలైన కబుర్లు ఒక్కోసారి ఆటను ఆపేస్తాయి. ఆగితే ఆగనివ్వండి, పొట్లం ఎక్కడికీ పోదు.

14. ఎండ చూసుకోండి. సంక్రాంతి రోజుల్లో ఫరవాలేదు గానీ శివరాత్రి దాటాక మన ప్రాంతపు ఎండకు పాల చాక్లెట్ అరగంటలో కారిపోతుంది. కోటప్పకొండ తిరునాళ్ళ నుంచి తెచ్చిన మిఠాయితో ఆడించాలంటే ఉదయం తొమ్మిదిలోపో, సాయంత్రం ఐదు తర్వాతో పెట్టుకోండి. జీళ్ళు ఎండకు మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుంటాయి, వాటిమీద కాస్త బియ్యప్పిండి చల్లితే విడివిడిగా ఉంటాయి.

15. తినడం భోజనం తర్వాత పెట్టండి. ముందు తింటే అన్నం ముట్టరు. పళ్ళసందుల్లో అతుక్కునే ఎక్లెయిర్లు, జీళ్ళు అన్నిటికన్నా చెడ్డవి. తిన్న వెంటనే నీళ్ళు పుక్కిలించి ఉమ్మమనండి, పడుకోబోయే ముందు బ్రష్ చేయించండి.

16. కాగితాలు వాకిట్లో వదిలేస్తే గాలికి పొలాల్లోకి, కాలువల్లోకి చేరతాయి. ఒక్కొక్కరికి ఒక్కో సంచి ఇచ్చి పాట అయ్యేలోగా ఎవరు ఎక్కువ ఏరితే వాళ్ళు గెలిచినట్టు అనండి, వాకిలి నిమిషాల్లో శుభ్రం. మెరిసే కాగితాల్లో మంచివి పక్కన పెట్టండి. నడుమ మెలితిప్పి, కింది అంచు విప్పితే పావడా కట్టిన బొమ్మ తయారవుతుంది, అమ్మాయిలు మధ్యాహ్నమంతా వాటితో పెళ్ళిళ్ళు చేస్తారు. పుల్ల ఉన్న లాలీపాప్‌లు కొనాల్సివస్తే కాగితపు పుల్లవే అడగండి. మిఠాయికి గుచ్చే ప్లాస్టిక్ పుల్లలను దేశమంతటా 2022 జులై 1 నుంచి నిషేధించారు.

17. ఇక పంపకం. గిన్నెలన్నీ చాపమీద పోసి, లెక్కపెట్టే పని అందరికన్నా పెద్ద పిల్లకు ఇవ్వండి. పాత పేపరుతో పొట్లాలు కట్టడం తాతయ్య నేర్పిస్తారు. చదరపు కాగితాన్ని కోన్‌లా చుట్టి, కొస మడిచి, బిళ్ళలు పోసి, పై అంచు లోపలికి దోపితే విడిపోదు. సిరా అంటకుండా కాగితం విప్పని బిళ్ళలనే అందులో పోయాలి. ఉండలు, జీళ్ళకు విస్తరాకు ముక్క వాడండి. గెలిచినవాళ్ళు వరసగా వచ్చి రంగు ఎంచుకుంటారు, లెక్క మాత్రం అందరికీ ఒకటే. రాలేకపోయిన పిల్లలు, జ్వరంతో ఇంట్లో పడుకున్నవాళ్ళు ఉంటే వాళ్ళ పేరున కూడా ఒక పొట్లం కట్టించి, ఆ వీధిలో ఉండే పిల్లల చేత పంపండి. పంచగా ఒకటో రెండో బిళ్ళలు మిగిలితే వాటిని వాకిలి ఊడ్చినవాళ్ళకు ఇవ్వండి.